చీకటి లెక్క: ఇంటికి సోలారు పలకలు, బ్యాటరీ అమర్చుకొను విధము



2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటెను. అది దాటుటకు ముందు మన కోట ప్రాంతమున కురిసిన వానను మీలో నెవ్వరును మఱచియుండరు. మా వీధిలో తీగెలు తెగినవి. ఇండ్లు చీకటిలో మునిగినవి.

ఆ వీధిలో అప్పటికి సోలారు పలకలు గల యిండ్లు రెండు. ఒకటి మా పొరుగున నున్న సభ్యునిది. ఆయన మిద్దెపై మూడు కిలోవాట్ల పలకలు గలవు. రెండవది నాది. మా యింట పలకలే గాక బ్యాటరీయు గలదు. అయినను పొరుగింట మొదటి రాత్రి ఒక్క దీపమును వెలుగలేదు. మా యింట ఒక గంటసేపు వెలిగి ఆఱిపోయెను. మఱునాటి యుదయమున పొరుగింటి పెద్దమ్మ నన్ను చూచి, "ఊరందరికీ పాఠాలు చెప్తావు గదా నాయనా, నీ దీపమే నిలవలేదే!" యనెను. ఆమె మాటలో ఎగతాళి లేదు, నిజమున్నది. అందుచేతనే యది నన్ను గ్రుచ్చినది.

ఆ రెండిండ్లలోను సొమ్ము వ్యయమైనది, వస్తువులు మంచివే. లెక్క మాత్రము తప్పినది. మేమిద్దఱమును ఎండను లెక్కించితిమి, చీకటిని లెక్కింపలేదు. ఈ పాఠమున చీకటిని ముందుగా లెక్కించు పద్ధతిని వివరించెదను.

పొరుగింటి పలకలు ఏల పనిచేయలేదు?

మిద్దెలపై నమర్చుచున్న పలకలలో ఎక్కువభాగము కరెంటు లైనుతో కలిపినవి. పగలు మన పలకల కరెంటు ఇంట వాడగా మిగిలినది లైనులోనికి పోవును. రాత్రి లైనునుండి మనము తీసికొందుము. నెల చివర రెంటికిని లెక్క చూతురు. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము ఇట్టి యమరికలకే సహాయ మొసగుచున్నది. ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000, మూడు గాని అంతకు మించి గాని యైనచో 78,000 రూపాయలు అని నిర్ణయింపబడినది. బిల్లు తగ్గుట కోరువారికి ఇది మేలైన మార్గమే.

అయితే ఒక్క సంగతి గుర్తుంచుకొనవలయును. ఈ యమరికలోని ఇన్వర్టరు లైనులో కరెంటు ఉన్నంతవఱకే పనిచేయును. లైను ఆగిన క్షణమున తానును ఆగును. మధ్యాహ్నపుటెండ మండుచున్నను ఇంట ఫ్యాను తిరుగదు. ఇది యంత్రలోపము కాదు. తెగిన తీగెను ముడివేయుటకై స్తంభమెక్కిన లైన్‌మన్ లైను చచ్చినదని నమ్మి దానిని పట్టుకొనును. అట్టి సమయమున మన మిద్దెనుండి కరెంటు ఆ తీగెలోనికి పాఱినచో ఆతని ప్రాణము పోవును. కావున అది యాగుటయే న్యాయము.

లైను లేనప్పుడును దీపము కావలయునన్నచో బ్యాటరీ యుండవలయును. ఆ బ్యాటరీతో పనిచేయుచు, లైను పోయినప్పుడు ఇంటిని లైనునుండి తనంతట విడదీయు హైబ్రిడ్ ఇన్వర్టరు ఉండవలయును. లేనిచో లైనుతో సంబంధమే లేని చిన్న యమరికను వేఱుగా పెట్టుకొనవలయును. పైన జెప్పిన సహాయము పలకల కిలోవాట్లను బట్టి లభించును గాని, బ్యాటరీ పరిమాణమును బట్టి పెరుగదని ముందే తెలిసికొని సొమ్ము సిద్ధపఱచుకొనుడు.

శ్రీహరికోట నేర్పు పాఠము

మనకు దక్షిణమున శ్రీహరికోట నుండి లేచు రాకెట్టులను మన పిల్లలు మిద్దెలెక్కి చూచుచుందురు. 1980 జూలై 18వ తేదీన రోహిణి యను ఉపగ్రహమును మోసికొని ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు అచ్చటినుండియే యెగసినది. ఉపగ్రహములలో ఎక్కువవాటికి సూర్యుడే యాధారము. భూమికి సమీపమున తిరుగు ఉపగ్రహము సుమారు గంటన్నరకొకసారి భూమిని చుట్టివచ్చును. ప్రతి చుట్టులోను ఇంచుమించు అరగంట భూమినీడలో నుండవచ్చును. ఆ అరగంట బ్యాటరీయే దానిని బ్రదికింపవలయును. కాబట్టి దానిని నిర్మించువారు ఎంత ఎండ దొరకునని మాత్రమే చూడరు. నీడ ఎంతసేపు, ఆ నీడలో ఏయే పరికరము నడువకతప్పదు అని తేల్చుకొని, దానిని బట్టి బ్యాటరీని, బ్యాటరీని బట్టి పలకలను నిర్ణయింతురు.

మన ఇంటికిని అదే వరుస. మన నీడ ఏది? రాత్రి ఒకటి. అంతకంటె పెద్దది ఈశాన్య ఋతుపవనముల కాలము. మన తీరమున వానలు హెచ్చుగా కురియునది అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు. 1984 నవంబరులో శ్రీహరికోట యొద్దను, 1989 నవంబరులో కావలి యొద్దను తీరము దాటిన తుపానులు పెద్దలకు జ్ఞాపకముండును. లైను తెగునదియు, మబ్బు వీడనిదియు ఒకే వారము. ఏప్రిల్ ఎండను చూచి కొన్న యమరిక నవంబరులో మోసము చేయుట ఇందువలననే.

మొదటి మెట్టు: ఖర్చు వ్రాయుట

మిషను పాఠశాలలో మా లెక్కల అయ్యవారు జమకంటె ముందుగా ఖర్చు వ్రాయించెడివారు. "జమ మన చేతిలో లేదు, ఖర్చు మన చేతిలో నున్నది" అనెడివారు. కాగితము తీసికొని, గాలివాన రాత్రి ఇంట ఏవి నడువకతప్పదో వానిని మాత్రమే వ్రాయుడు. వాట్లను గంటలతో హెచ్చించిన వాట్-గంటలు వచ్చును. వేయి వాట్-గంటలు ఒక యూనిట్టు. ఐదుగురున్న ఒక రైతు కుటుంబమునకు లెక్క యిట్లుండును:

ఎల్.ఇ.డి. బల్బులు 5, ఒక్కొక్కటి 9 వాట్లు, 5 గంటలు: 225
బి.ఎల్.డి.సి. ఫ్యానులు 2, ఒక్కొక్కటి 30 వాట్లు, 12 గంటలు: 720
సెల్‌ఫోనులు 3, ఒక్కొక్కదానికి 15: 45
టెలివిజను 1, 60 వాట్లు, 2 గంటలు: 120
దినమునకు మొత్తము: 1,110 వాట్-గంటలు

ఇన్వర్టరులోను తీగెలలోను కొంత కరెంటు వేడియై పోవును. అందుచేత ఈ మొత్తమును 0.85తో భాగింపవలయును. 1,306 వచ్చును. అనగా బ్యాటరీనుండి దినమునకు సుమారు 1.3 యూనిట్లు తీయవలయును.

ఈ పట్టికలో ఫ్యానులను గమనింపుడు. పాతరకపు ఫ్యాను 75 వాట్లు తినును. అవియే యున్నచో ఫ్యానుల ఖర్చు 720కి బదులు 1,800 అగును. మొత్తము 1,110కి బదులు 2,190 అగును. బ్యాటరీయు, పలకలును ఇంచుమించు రెట్టింపు కొనవలసివచ్చును. రెండు ఫ్యానులు మార్చుటకగు ఖర్చు ఆ యదనపు బ్యాటరీ ఖర్చులో చిన్న భాగము. కావున కొనవలసిన మొదటి వస్తువు పలక కాదు, ఫ్యాను.

బావి మోటారును, రొయ్యలగుంటల ఏరియేటరులను ఈ పట్టికలో చేర్పవలదు. ఒక అశ్వశక్తి మోటారుకు నడుచునప్పుడే ఇంచుమించు ఒక కిలోవాటు కావలయును. బయలుదేరు క్షణమున దానికి అనేకరెట్లు లాగును. వానికి వేఱు యేర్పాటు అవసరము. ఫ్రిజ్జు కావలయునన్నచో దానిపై నున్న చీటీలో సంవత్సరమునకు ఎన్ని యూనిట్లో వ్రాసియుండును. దానిని 365తో భాగించి పట్టికలో చేర్చుడు. ఇంట ఇన్సులిన్ వాడువారున్నచో దీనిని తప్పక చేర్చుడు.

రెండవ మెట్టు: గాదె

బ్యాటరీ మన గాదె వంటిది. గాదెలో నున్న ధాన్యమంతయు తినుటకు కాదు, విత్తనపుగింజలు మిగులవలయును. విత్తనములు తిన్న రైతుకు మఱుసటి యేడు పంట లేదు. సీసపు ట్యూబులారు బ్యాటరీలో సగము విత్తనమని యెంచుడు. దినదినమును సగముకంటె దిగువకు దించినచో దాని యాయువు త్వరగా క్షీణించును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో నూటికి 80 నుండి 90 వంతుల వఱకు వాడవచ్చును.

మా యింట జరిగిన తప్పు ఇక్కడనే. నాది 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీ ఒక్కటి. పండ్రెండును నూటయేబదితో హెచ్చించిన 1,800. అనగా పేరునకు 1.8 యూనిట్లు, వాడదగినది 0.9 యూనిట్టు మాత్రమే. నేను దానిపై పాత ఫ్యానులు మూడు నడిపితిని. ప్రతిరాత్రి అడుగంట తోడితిని. డిస్టిల్డు వాటరు పోయుట నెలల తరబడి మఱచితిని. రెండేండ్లు నిండకమునుపే అది పాతకుండవలె పట్టు తప్పినది. తుపాను రాత్రి గంటలో ఆఱిపోయిన దీపమునకు కారణము తుపాను కాదు, నేను.

ఇప్పుడు లెక్క చూతము. ఎండ బొత్తిగా లేని దినములు రెండింటికి నిలువ కావలయుననుకొందము. 1.3ను రెంటితో హెచ్చించిన 2.6 యూనిట్లు. సీసపు బ్యాటరీ యైనచో దీనికి రెట్టింపు, 5.2 యూనిట్లు. 24 వోల్టుల యమరికకు బ్యాటరీలు జతలుగా నుండవలయును గనుక 150 ఆంపియర్-అవర్లవి నాలుగు కావలయును, అవి 7.2 యూనిట్లగును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు యైనచో 2.6ను 0.8తో భాగింపగా 3.25. అంగడిలో దొరకు 25.6 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒక్కటి 3.84 యూనిట్లు, అది చాలును.

సీసపుదానికి మొదటి ధర తక్కువ. కాని అది ఒకటిన్నర వేయిసార్లకు లోపుగా నింపి తీయగానే అలయును. లిథియముది మూడువేలు మొదలు ఆఱువేలసార్ల వఱకు నిలుచును. ధరను నింపి తీయు సంఖ్యతో భాగించి పోల్చుడు. ఏది చౌకయో మీకే తెలియును.

మూడవ మెట్టు: పలకలు

మన తీరమున సంవత్సరపు సగటున దినమునకు సుమారు 5 గంటల నిండు ఎండకు సమానమైన వెలుతురు లభించును. నవంబరు, డిసెంబరులలో అది 4 గంటల చుట్టుప్రక్కలకు దిగును. ఆ నాలుగునే తీసికొనవలయును. వేడి, దుమ్ము, తీగెలు తినునది పోగా, ఒక కిలోవాటు పలకలనుండి ఆ మాసములలో దినమునకు 3 యూనిట్లు బ్యాటరీకి చేరునని యెంచుట క్షేమము. వేడి యెంత తినునో కొందఱెఱుగరు. పలక వేడెక్కినకొలది దాని శక్తి తగ్గును. 25 డిగ్రీలపై ప్రతి డిగ్రీకి నూటికి సుమారు 0.35 నుండి 0.4 వంతు నష్టము. అందుచేత పలకను మిద్దెకు అంటించక, క్రింద గాలి యాడునట్లు ఎత్తుగా నిలుపవలయును.

దినపు ఖర్చు 1.3. అదిగాక రెండు చీకటి దినములలో ఖాళీయైన 2.6 యూనిట్లను, ఎండవచ్చిన పిమ్మట మూడు దినములలో తిరిగి నింపవలయును. దినమునకు ఇంచుమించు 0.9. మొత్తము 2.2. దీనిని 3తో భాగించిన 0.73 కిలోవాటు. 400 వాట్ల పలకలు రెండు చాలును. గాదె పెద్దదిగా కట్టి పొలము చిన్నదిగా దున్నినవాని గాదె యెన్నటికిని నిండదు. తిరిగి నింపు లెక్కను విడిచినవారికి ఆ గతియే పట్టును.

మబ్బుపట్టిన దినమునను పలకలు బొత్తిగా చావవు. ఈ రెండు పలకలు అట్టి దినమున 0.4 యూనిట్టు ఇచ్చునని తలంపుడు. పైని లిథియం బ్యాటరీలో వాడదగినది సుమారు 3.26 యూనిట్లు. పట్టిక ప్రకారము అన్నియు నడిపినచో మూడున్నర దినములు నిలుచును. ఒక్క ఫ్యాను ఆపినచో ఆఱు దినములకు పైగా నిలుచును. ఒక స్విచ్చి నొక్కుటవలన కలుగు లాభము మఱొక బ్యాటరీ కొన్నంత!

నాలుగవ మెట్టు: ఇన్వర్టరు, తీగెలు

పట్టికలోని వన్నియు ఒకేసారి నడిచినను 200 వాట్ల చుట్టుప్రక్కలనే యుండును. మిక్సీకిని చోటు విడిచి, ఒక కె.వి.ఏ. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరు తీసికొనుడు. పలకలకును బ్యాటరీకిని నడుమ ఎం.పి.పి.టి. రకపు ఛార్జి కంట్రోలరు ఉండవలయును. లిథియం బ్యాటరీ కొన్నచో ఆ రకమునకు తగిన ఛార్జి అమరిక ఇన్వర్టరులోను, కంట్రోలరులోను గలదో లేదో చూచి కొనుడు.

తీగెలలో చూపు పిసినారితనము అగ్నికి దారితీయును. వేయి వాట్లను 12 వోల్టులపై లాగినచో 83 ఆంపియర్లు పాఱును. 24 వోల్టులపై 42. 48 వోల్టులపై 21. కాలువ సన్ననిదై నీరు హెచ్చైనచో గట్టు తెగినట్లే తీగె కాలును. కావున 12 వోల్టులు విడిచి 24 గాని 48 గాని పెట్టుకొనుడు. బ్యాటరీ యొద్ద డి.సి. ఫ్యూజు, పలకల యొద్ద డి.సి. స్విచ్చి, పలకల చట్రమునకు ఎర్తు తప్పక యుండవలయును.

గాలి, ఉప్పు, నీడ

నెల్లూరు తీరమున కట్టడములకు భారతీయ ప్రమాణము నిర్ణయించిన మూల వాయువేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగమున గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బలముతో త్రోయును. 400 వాట్ల పలక ఇంచుమించు రెండు చదరపు మీటర్లు; దాని బరువు ఇరువది కిలోల పైచిలుకు; గాలి దానిపై చూపు బలము 300 కిలోలు! చట్రమునకు ఇటుకలు పేర్చి నిలిపినవారు ఈ లెక్క చూడవలయును. చట్రము మిద్దె కాంక్రీటులో యాంకరు బోల్టులతో బిగియవలయును. ఇనుము గాల్వనైజు చేసినదై, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువై యుండవలయును. లేనిచో ఉప్పుగాలి తినివేయును. పలకలు ఐ.ఇ.సి. 61701 అను ఉప్పుమంచు పరీక్షలో నెగ్గినవా యని అడుగుడు.

మనము 14 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నాము గనుక పలకలు దక్షిణమునకు మొగమై సుమారు 15 డిగ్రీల వాలుతో నుండవలయును. డిసెంబరు మధ్యాహ్నమున సూర్యుడు దక్షిణమునకు వాలియుండును. అప్పుడు 15 మీటర్ల టెంకాయచెట్టు నీడ ఉత్తరముగా పదునొకండు మీటర్లకు పైగా పడును. ఉదయసాయంకాలములలో ఇంకను దూరము పోవును. ఒక్క మట్ట నీడ పలకలో ఒక మూల పడినను ఆ వరుస యంతయు నీరసించును. పలకల చోటును డిసెంబరులో నీడ చూచి నిర్ణయింపుడు, మే మాసములో కాదు.

లైన్‌మన్ ప్రాణము

ఇది యన్నింటికంటె ముఖ్యము. కొందఱు కరెంటు లేని రాత్రి జనరేటరును గాని ఇన్వర్టరును గాని గోడప్లగ్గు ద్వారా ఇంటి తీగెలకు కలుపుదురు. అది వెనుకకు లైనులోనికి పాఱును. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు దానిని వేలవోల్టులకు పెంచును. ఆ చివర తీగె పట్టుకొన్న యువకుడు మన వీధిలో దీపము వెలిగించుటకే వానలో స్తంభమెక్కినవాడు. ఛేంజోవరు స్విచ్చి లేక ఏ యింటిలోను కలుపరాదు. ఈ పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేతనే చేయింపుడు. గాలివానలో పగిలిన పలకను పగటివేళ చేతితో తాకరాదు. వెలుతురున్నంతవఱకు దానిలో కరెంటు పుట్టుచునే యుండును.

ఏడాది పొడవున చేయవలసినవి

బ్యాటరీని వరదనీరు అందని యెత్తున, గాలి వచ్చు చల్లని చోట నుంచుడు. వేడి 25 డిగ్రీలు దాటి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొలది సీసపు బ్యాటరీ ఆయువు సుమారు సగమగును. అది నిండునప్పుడు మండు వాయువును విడుచును. పొయ్యి, దేవుని దీపము దాని దగ్గఱ నుండరాదు. నెలకొకసారి డిస్టిల్డు వాటరు మట్టము చూడుడు. పలకలను తెల్లవాఱుజామున మంచినీటితో కడుగుడు. మిట్టమధ్యాహ్నము కాలుచున్న గాజుపై చన్నీరు పోయవలదు. సెప్టెంబరులో బోల్టులన్నియు బిగించి, చెట్టుకొమ్మలు నఱికించి, ఒక రాత్రి లైను మెయిను ఆపి మీ యమరిక తెల్లవాఱువఱకు నిలుచునో లేదో పరీక్షింపుడు. తుపానుకంటె ముందుగా మనమే పరీక్ష పెట్టుట మేలు.

నేను 2024లో పై వరుసనే అనుసరించితిని. ముందు ఫ్యానులు మార్చితిని, పిమ్మట బ్యాటరీ, ఆ పిమ్మట పలకలు. పెద్దమ్మగారి యింట ఆమె కుమారుడు పలకలను అట్లేయుంచి హైబ్రిడ్ ఇన్వర్టరును, బ్యాటరీని చేర్చెను. ఇప్పుడు లైను పోయిన రాత్రి మా రెండిండ్ల వసారాలలోను దీపముండును; వీధిలోని పిల్లలు అచ్చట కూర్చుండి చదువుకొందురు, ఇరుగుపొరుగువారు ఫోనులు తెచ్చి పెట్టుకొందురు.

అప్పు తీసికొనదలచిన సభ్యులకు ఒక్క మనవి. అంగడివాని ధరల చీటీకంటె ముందుగా మీ ఖర్చుపట్టికను వ్రాయుడు. ఈ రాత్రియే ఇంటిల్లిపాదియు కూర్చుండి, తుపాను రాత్రి ఏ దీపము వెలుగవలయునో, ఏ ఫ్యాను ఆగవచ్చునో తేల్చుకొనుడు. ఆ కాగితము ఒక్క కాసు ఖర్చు లేనిది. మిగిలిన ఖర్చంతయు సరియైన దారిని నడచుట దానిపైననే యాధారపడియున్నది.

వ్యవసాయ ప్రదర్శకుడు, కోట